రెండోసారి అడగని ఊరు

సలతిగా,
జులై 1991

తోగార్,

చేరాం. ఓడలో ఉన్నంతసేపూ దను వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు. మైకె వాడి నుదురు పట్టుకుని కూర్చుంది గానీ, మధ్యమధ్యలో మీ ఊరి కంపు కొట్టే దురియాన్ పళ్ళ ఊసెత్తి వాడి ప్రాణం తీసింది. జావా నేల మీద కాలు పెట్టగానే వాడన్న మొదటి మాట, "ఇక్కడెవరూ అరవడం లేదేంటి?" అని. నాకూ అలాగే అనిపించింది. మెదాన్‌లో అన్ని రోజులు తిరిగొచ్చాక మా ఊళ్ళో నడుస్తుంటే చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది.

చదువైపోయింది, ఉద్యోగాల్లో పడి తలో దిక్కూ పోయేలోగా నలుగురం ఒకసారి వీపు సంచీలు తగిలించుకుని ఎక్కడికైనా పోదాం అన్నది దను. మా ఊరే అన్నది నువ్వు. కాలేజీలో నాలుగేళ్ళూ మెదాన్ గురించి నువ్వు చెప్పినవన్నీ కోతలే అనుకున్నాం. తగ్గించి చెప్పావని ఇప్పుడు తెలిసింది.

అయినా సొంత ఊళ్ళో సంచీ తగిలించుకుని తిరిగినవాణ్ణి నిన్నే చూశాను. మీ వీధి చివర టీ కొట్టాయన "ఏంట్రా, ఇంట్లోంచి గెంటేశారా?" అనడిగితే, "అవును బాబాయ్, ఈ ముగ్గుర్నీ కూడా గెంటేశారు" అన్నావు చూడు. పాపం ఆయన నిజమనుకుని అందరికీ ఐసు టీ ఊరికే పోశాడు. సంబు బజార్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకళ్ళ మీదికొకళ్ళు వెళుతుంటే నేను పోలీసు కోసం వెతికాను. నువ్వేమో తాపీగా "పోట్లాట కాదు, చేపల బేరం" అన్నావు. మోటారు బెచాక్ రిక్షావాడు బండి ఆపి "ఎక్కుతావా?" అంటే, నేను "ఫర్వాలేదండీ, మీకెందుకు ఇబ్బంది" అనేలోపు వాడు వీధి మలుపు తిరిగిపోయాడు. మీరు ముగ్గురూ రోడ్డు మీద కూర్చుని మరీ నవ్వారు. ఆ నవ్వు ఇంకా వినిపిస్తోంది. నాకు మీ ఊరు చాలా నచ్చింది తోగార్. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

మీ మేనమామ కూతురు రుస్మాకి నా తరఫున ప్రత్యేకంగా చెప్పు. మొదటి రోజు గడిచాక మర్నాడు పొద్దున్నే, ఏమీ అడక్కుండా, అన్నం పళ్ళెం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. వేయించిన చేప, పచ్చడి. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

మీ అమ్మగారు బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా రాలేదు. ఒంట్లో బాగుందా? మాకోసం చాలా శ్రమ పడ్డారు. మా ఊరి వేరుశనగ మిఠాయి పంపుతున్నాను, ఆవిడ చేతికే ఇవ్వు.

వెనింగ్


మెదాన్,
ఆగస్టు 1991

హొరాస్, వెనింగ్.

మిఠాయి అందింది. రుస్మాకీ, వీధిలో పిల్లలకీ పంచాం. అమ్మ తినలేదు. పళ్ళు నొప్పి అంది.

ఆవిడ ఒంట్లో బాగానే ఉంది. నేను మావయ్య బస్సుల ఆఫీసులో చేరాను. మెదాన్ నుంచి సియాంతార్‌కి రోజూ బళ్ళు నడుస్తాయి. టిక్కెట్లు రాస్తాను, డ్రైవర్ల చేత తిట్లు తింటాను, వాళ్ళని తిడతాను. చదివిన చదువుకీ దీనికీ సంబంధం లేదు గానీ గొంతుకి మంచి వ్యాయామం.

ఒక సంగతి రాసి వదిలేస్తాను. ఆ రోజు మా ఇంట్లో నువ్వన్న మాటకి నాకు కోపం లేదు. అడిగారు, చెప్పావు. మా ఊళ్ళో అడిగేది ఒక్కసారే, వినేదీ ఒక్కసారే. అంతటితో అయిపోయింది. మన స్నేహం మామూలుగానే ఉంటుంది. నువ్వు కూడా మనసులో పెట్టుకోకు.

దనుకి ఉద్యోగం వచ్చిందా? మైకెకి నా నమస్కారం చెప్పు. నమస్కారమంటే అది నవ్వుతుంది, అయినా చెప్పు.

తోగార్


సలతిగా,
సెప్టెంబరు 1991

తోగార్,

ఏ మాట?

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. మీ ఇంట్లో నేను నోరు తెరిచి అన్న మాటలు ఎన్ని గనక? అన్నీ కృతజ్ఞతలే. మీ మావయ్యని పిలవకూడని వరసతో పిలిచానా? భోజనం దగ్గర కూర్చోకూడని చోట కూర్చున్నానా? మైకెని అడిగితే "వాడికి ఎండ దెబ్బ తగిలుంటుంది" అంది. దనుని అడిగితే తల గోక్కుని ఊరుకున్నాడు. వాడికేదో తట్టిందని నా అనుమానం. కానీ వాడూ నాలాంటి జావా మనిషే కదా, తట్టినా చెప్పడు.

నువ్వు ఉన్న అద్దె గది ముందు నుంచే రోజూ బడికి వెళుతున్నాను. ఇక్కడే ఒక చిన్న బళ్ళో తాత్కాలికంగా చేరాను. ఆ ఇంటి యజమానురాలు కనిపిస్తే ఇప్పటికీ "మన ఆకలి అబ్బాయి ఎలా ఉన్నాడు?" అంటుంది. మా అమ్మ కూడా నిన్ను అలాగే అనేది, నీకు తెలీదు. ఎవరింట్లో ఏం పెట్టినా మొదటి పిలుపుకే పీట వేసుకుని కూర్చునేవాడివి కదా, అందుకు.

ఇంకొక సంగతి. ఫ్లోరెస్ దీవిలో మిషన్ వాళ్ళ బడికి టీచరుగా రమ్మని మా చర్చి ఫాదర్ అడుగుతున్నారు. జీతం, ఇల్లు అన్నీ బాగున్నాయి. అందరూ వెళ్ళమంటున్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకు తెలిసే ఉండాలి అనుకుంటాను, మళ్ళీ ఎలా తెలుస్తుందిలే అనుకుంటాను.

నువ్వు సూటిగా మాట్లాడే ఊరివాడివి. నేనేం అన్నానో సూటిగా రాయి. నీ జవాబు చూశాకే ఫాదర్‌కి ఏ సంగతీ చెబుతాను.

వెనింగ్


మెదాన్,
జనవరి 1992

వెనింగ్,

ఆలస్యానికి సాకు చెప్పను. నీ ఉత్తరం చూసి ఒళ్ళు మండింది. ఏ మాటా అని అడుగుతుందే అని. అందుకే రాయలేదు. క్రిస్మస్ దాటాక, ఏడాది మారాక, సరే ఇంకా కోపం ఎందుకని రాయడానికి కూర్చున్నాను.

సూటిగా రాయమన్నావు. రాస్తున్నాను.

మీరు బయల్దేరిన రోజు. ముందు గది. సంచీలు సర్దుకుంటున్నాం. మావయ్య తెల్ల చొక్కా వేసుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మిమ్మల్ని సాగనంపడానికి వచ్చాడనుకున్నావా? అమ్మ లోపలి పెట్టె తెరిచి ఎర్ర ఉలోస్ తెచ్చింది. మా అమ్మమ్మ నేసిన వస్త్రం. రెండు చేతులతో పట్టుకుని నీ ఎదురుగా నిలబడి "తీసుకో అమ్మా" అంది. నువ్వు నవ్వి "అయ్యో, వద్దండీ, ఎందుకండీ శ్రమ" అన్నావు. అమ్మ ఒక్క క్షణం నిలబడి, మడిచి, లోపలికి తీసుకెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. అదీ ఆవిడ గుమ్మం దాకా రాకపోవడానికి కారణం.

ఆ ఉలోస్ చలికి కప్పుకునే దుప్పటి కాదు. తల్లి తన చేతులతో ఒక పిల్ల భుజాల మీద కప్పిందంటే ఆ పిల్ల ఇక ఆ ఇంటిది. మా బతక్ తెగ కాని పిల్ల మా ఇంటికి కోడలిగా రావాలంటే ముందు ఆమెకొక ఇంటిపేరు ఉండాలి. అత్తగారి తమ్ముడు ఆమెను కూతురిగా తీసుకుని తన పేరిస్తాడు. అప్పుడు మేనమామ కూతురిని చేసుకున్నట్టే లెక్క. మా మావయ్యకి రుస్మా ఉంది. మేనరికం ఆమెది. చిన్నప్పటి నుంచీ అందరూ అనుకుంటున్నదే. అయినా నేను వెళ్ళి నీ సంగతి చెబితే ఆయన చివరికి "సరే, ఆ అమ్మాయిని కూడా నా కూతురే అనుకుంటా" అన్నాడు. తెల్ల చొక్కా వేసుకొచ్చింది అందుకు.

ఆయన ముందు నువ్వు వద్దన్నావు. బెలావన్ రేవు దాకా వ్యానులో కిటికీ పక్కన కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పావు. ఆ కబుర్లకే నాకు ఎక్కువ మండింది.

మార్చిలో నాకూ రుస్మాకీ పెళ్ళి. మావయ్య నన్ను ఒక్కసారి అడిగాడు. సరే అన్నాను. రుస్మాని ఒక్కసారి అడిగారు. సరే అంది. సియాంతార్‌లో నర్సు ఉద్యోగం మానేసి వచ్చేసింది.

నీ మీద పగ లేదు. ఫ్లోరెస్ ఉద్యోగం మంచిదనే అనిపిస్తోంది.

తోగార్


సలతిగా,
ఫిబ్రవరి 1992

తోగార్ గారికి,

మీ ఉత్తరం అందింది. పెళ్ళి సంగతి తెలిసి సంతోషం. మీ అమ్మగారికీ, మావయ్యగారికీ నా నమస్కారాలు చెప్పగలరు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపలేకపోతున్నాను. మీరు సూటిగా రాశారు, నేనూ ఒక్కసారి అలా రాసి చూస్తాను, చేతనైతే.

మీకు మొదటి రోజు భోజనం గుర్తుందా? మీ అమ్మగారు "తింటావా?" అన్నారు. నేనూ దనూ "ఇప్పుడే తిన్నామండీ" అన్నాం. ఆవిడ "సరే" అని గిన్నె మీద మూత పెట్టేశారు. మైకె మాత్రం "నేను తింటా" అని మా వాటా కూడా తినేసింది. మేము పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఓడలో వాంతులే కదా. ఖాళీ కడుపుతో పడుకున్నాం. మీకు ఆ రోజు చెప్పలేదు, నా మొదటి ఉత్తరంలోనూ రాయలేదు. సిగ్గేసింది.

మాకు చిన్నప్పటి నుంచీ నేర్పేది ఇది. పెద్దవాళ్ళు ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే మొహమాటపడాలి. మూడోసారి తీసుకోవాలి. మొదటి మాటకే చెయ్యి చాపితే ఆశపోతు అంటారు. వద్దనడం మాకు మర్యాద. ఇచ్చేవాళ్ళకి కూడా అది తెలుసు, వాళ్ళూ మళ్ళీ అడుగుతారు. మీరు నాలుగేళ్ళు మా ఊళ్ళో మొదటి పిలుపుకే తిని వెళ్ళారు. మేమంతా చాటుగా నవ్వుకున్నాం తప్ప ఒక్కళ్ళం కూడా మీకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పడం మాకు ఇంకా పెద్ద అమర్యాద. ఆ మర్యాద ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది.

మీ అమ్మగారు ఆ ఎర్ర వస్త్రం తెచ్చినప్పుడు నాకు ఇంటిపేర్ల సంగతీ, మావయ్యగారి చొక్కా సంగతీ తెలియవు. కానీ అది మామూలు బహుమతి కాదని తెలిసింది. ఆవిడ దాన్ని పట్టుకుని నా భుజాల వంకే చూస్తున్నారు. తీసుకోవాలనే ఉంది. నోరు మాత్రం దానికి నేర్పిన మాటే అంది. వద్దండీ అంటూనే నేను వీపు సంచీ దించి నేల మీద పెట్టాను. భుజాలు ఖాళీగా ఉంటే ఆవిడ కప్పడానికి వీలుగా ఉంటుందని. అలా నిలబడి రెండో మాట కోసం చూశాను.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. మైకె "వ్యాను వచ్చింది" అని కేకేసింది. మళ్ళీ సంచీ తగిలించుకున్నాను. వ్యానులో అన్ని కబుర్లు చెప్పింది ఏడుపు రాకుండా ఉండడానికి. ఆవిడ ఊరికే మాటవరసకి అడిగారేమో, నేనే పెద్దగా ఊహించుకున్నానేమో అనుకున్నాను.

ఇదంతా మీ పెళ్ళి చెడగొట్టాలని రాయడం లేదు. నేను మీ అమ్మగారిని కాదన్నానని ఆవిడ అనుకుంటూ ఉండిపోవడం నేను భరించలేను. ఆ ఒక్క మాట ఆవిడకి చెప్పండి.

ఉంటాను.

వెనింగ్


మెదాన్,
ఫిబ్రవరి 1992

వెనింగ్,

ముందు ఆ 'గారు' తీసెయ్. ఆ 'మీరు' కూడా. నీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా తగిలింది అదే.

ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. పూర్తిగా. మూత పెట్టిన గిన్నె సంగతి దగ్గర ఆవిడ తల పట్టుకుంది. "పిల్లల్ని ఆకలితో పడుకోబెట్టానట్రా?" అంది. తర్వాత సంచీ దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపింది. మళ్ళీ చదవమంది. చదివాను. "దించింది. నేను చూశాను. బరువుకి దించిందనుకున్నా" అంది. మా నాన్న పోయిన రోజు తర్వాత ఆవిడ ఏడవడం ఇప్పుడే చూశాను.

నేను చూడలేదు వెనింగ్. నేల మీద కూర్చుని మైకె సంచీ పట్టీలు బిగిస్తున్నాను. తలెత్తి ఉంటే చూసేవాణ్ణి. నాలుగేళ్ళు నీ పక్కన కూర్చుని చదివినవాణ్ణి, నీ మొహం చూస్తే తెలిసేది. ముందు రోజు నీ చెవిలో ఒక్క మాట వేసినా సరిపోయేది. అమ్మ కప్పాలి, ఆ తర్వాతే నేను అడగాలి, అది మా పద్ధతి అని గొప్పగా ఊరుకున్నాను. అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నాను. అందరంటే మా వీధివాళ్ళే అని ఇప్పుడు తెలిసింది. పగలంతా ఆఫీసులో అరుస్తూనే ఉన్నాను. ఆ అరుపుల్లో ఒక్కటి ఆ రోజు నీకు వినపడేలా అరిచి ఉంటే బాగుండేది.

ఇప్పుడు విను. మా ఊరివాడు రెండోసారి అడగడు. నేను అడుగుతున్నాను. నాతో ఉంటావా? పెళ్ళికి ఇంకా కొన్ని వారాలున్నాయి. నువ్వు ఔనంటే మావయ్య కాళ్ళ మీద పడతాను. ఆయన కొడితే తింటాను. రుస్మాకి నేనే ఎదురుగా నిలబడి చెబుతాను. ఆమె ఏమీ అనదు, అదే కష్టం. పెళ్ళి బట్టలు తనే కుట్టుకుంటోంది. మొన్న నా భుజాల కొలత తీసుకుంటూ "నిన్ను చూస్తే పెళ్ళికొడుకులా లేవు బావా, టిక్కెట్ లేకుండా బస్సెక్కినవాడిలా ఉన్నావు" అంది. నేను నవ్వలేకపోయాను. ఆమె కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నీ లెక్క ప్రకారం రెండోసారికి మొహమాటపడతావు. మూడోసారికి గానీ అసలు మాట రాదు. నాకంత వ్యవధి లేదు. నువ్వు ఔనని రాస్తే సరే. వద్దని రాస్తే అది మర్యాదకి అన్న వద్దా, నిజం వద్దా, నాకెలా తెలుస్తుంది? అది కూడా రాయి.

తోగార్


సురబాయా రేవు,
మార్చి 1992

తోగార్,

'గారు' తీసేశాను. 'మీరు' కూడా.

నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను. చదవగానే నోటికొచ్చిన మాట ఔననే. పైకి అనేశాను కూడా. అమ్మ లోపలి నుంచి "ఎవరితోనే?" అంది. ఎవరితోనూ కాదన్నాను. జీవితంలో మొదటిసారి ఒక పిలుపుకి మొదటే ఔనన్నాను, వినడానికి ఎవరూ లేరు.

నువ్వంటే నాకు ఇష్టం. ఇది మన నాలుగేళ్ళలో నేను అనలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. మెదాన్ వీధుల్లో సంచీ పట్టీలు భుజాలు కోస్తుంటే నువ్వు వెనకనుంచి వచ్చి కాసేపు సంచీ అడుగున చెయ్యి పెట్టి బరువు మోసేవాడివి. నాకు తెలియదనుకునేవాడివి. నాకు తెలుసు. తెలిసీ వద్దనలేదు. నేను వద్దనకుండా తీసుకున్నది అదొక్కటే.

నీ ప్రశ్నకి జవాబు వద్దు.

ఏ వద్దో రాయమన్నావు. అందుకే ఇంత రాస్తున్నాను. మీ ఇంట్లో నేను ఆకలితో ఉన్నానని కనిపెట్టింది రుస్మా ఒక్కతే. ఆమె అడగలేదు, పెట్టింది. నేను మీ ఊరి మాటా నేర్చుకోలేదు, మా ఊరి మాటా నిన్ను నేర్చుకోనివ్వలేదు. ఆమెకి రెండూ అవసరం లేకపోయాయి. ఆమెను అడిగితే ఒక్కసారికే సరేనంది, ఉన్న ఉద్యోగం వదిలి వచ్చింది. నువ్వు నవ్వకపోవడం చూసింది, చూసి ఊరుకుంది. అలా ఊరుకోవడం అంటే ఏమిటో మా వైపు వాళ్ళకి బాగా తెలుసు తోగార్. నాకు అన్నం పెట్టిన మనిషి ముందు నుంచి పళ్ళెం నేను తీసుకోలేను. తీసుకుంటే ఆ అన్నం నాకు అరగదు.

మీ మావయ్య నాకు తన పేరు ఇవ్వడానికి వచ్చారని రాశావు. నాకోసం ఒకరు తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నారని తెలియకుండా నేను ఆయన ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాను. ఆ పేరు వచ్చి ఉంటే రుస్మా నాకు అక్క. రాకపోయినా ఆ వరస నేనే కలుపుకుంటున్నాను. ఆ వరసన నువ్వు నాకు బావవి. ఆ మాట రాసి చాలాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డాను.

ఆ ఎర్ర ఉలోస్ రుస్మా భుజాల మీద కప్పమని అమ్మగారికి చెప్పు. నా వల్ల ఒకసారి ఆవిడ దాన్ని మడిచి లోపల పెట్టుకోవలసి వచ్చింది. మళ్ళీ అలా జరగకూడదు. ఆకలితో పడుకోబెట్టానని బాధపడొద్దని చెప్పు. మర్నాడు కడుపు నిండా తిన్నాను.

పెళ్ళికి పిలవకు. పిలిస్తే మొదటి పిలుపుకే వచ్చేస్తానేమోనని భయం.

ఫాదర్ నన్ను ఫ్లోరెస్ గురించి మళ్ళీ అడిగారు. వెంటనే సరేనన్నాను, ఆయనే ఆశ్చర్యపోయారు. ఓడ వచ్చి ఆగి ఉంది. కూలీ ఒకడు నా చుట్టూ తిరుగుతూ "సంచీ ఇవ్వండమ్మా, నేను పట్టుకుంటా" అంటున్నాడు. ఇప్పటికి మూడుసార్లు అడిగాడు, మా వైపు వాడే. అక్కర్లేదన్నాను. రేవు గోడ మీద కాగితం పెట్టి నిలబడే రాస్తున్నాను. పట్టీలు కోస్తున్నాయి, వెనక చెయ్యి పెట్టేవాళ్ళెవరూ లేరు.

నా వద్దు ఎలాంటిదో నీకింకా అనుమానం ఉంటే అమ్మగారికి ఈ ఒక్క ముక్క చదివి వినిపించు, ఆవిడకి తెలుస్తుంది. ఈసారి నేను సంచీ దించలేదు.

వెనింగ్